అమ్మకు ఏమిద్దాం? చీరా, దర్శనమా, దుడ్లా, మన చేతి సంగటా?

నాలుగేళ్ల కిందట ఒక వేసవిలో మా అమ్మకు టేబుల్ టాప్ గ్రైండర్ కొనిచ్చాను. రెండు లీటర్లది. తిరుపతి నుంచి పుత్తూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని, అక్కడి నుంచి ఆటోలో మా పల్లెకు చేర్చాను. పెట్టె విప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది. నేనూ మురిసిపోయాను. నెల తర్వాత వెళ్లి చూస్తే కథ మారిపోయింది. వారానికి ఒకసారి మిక్సీలో కాస్త పిండి వేసుకుని రెండు పూటలు ఇడ్లీ తినే మనిషి, ఇప్పుడు "గ్రైండర్ ఉండాది కదా" అని పక్కింటి పప్పు, ఎదురింటి బియ్యం కూడా రుబ్బి ఇస్తోంది. రుబ్బేది యంత్రమే. కానీ రాళ్లు ఎత్తేది, పిండి తీసేది, గిన్నె కడిగి ఆరబెట్టేది అమ్మే కదా. "నడుము పట్టేసింది నాయనా, ఏం లేదులే" అంటూ గోడ పట్టుకుని లేచింది.

అప్పటి నుంచి అమ్మకు ఏదైనా ఇవ్వాలనుకున్నప్పుడు ధర కంటే ముందు ఒకటి చూసుకుంటున్నాను. ఇది ఇంట్లోకి వచ్చాక అమ్మకు పని తగ్గుతుందా, పెరుగుతుందా? మనం ఇచ్చేవాటిలో చాలా వాటి వెనకాల కనపడని పని ఒకటి ఉంటుంది. అది ఎవరి నెత్తిన పడుతుందో చూసుకుంటే ఎంపిక సగం తేలిపోతుంది.

మే నెల రెండో ఆదివారం మదర్స్ డే అని ఇప్పుడు మన ఊళ్లో బేకరీల ముందు కూడా బోర్డులు పెడుతున్నారు. దీన్ని అమెరికాలో మొదలుపెట్టింది ఆనా జార్విస్ అనే ఆవిడ. చనిపోయిన తన తల్లి గుర్తుగా 1908లో చర్చిలో ప్రార్థన పెట్టించింది. 1914లో అక్కడి ప్రభుత్వం ఆ రోజును అధికారికంగా ప్రకటించింది. తర్వాత పూల వ్యాపారులు, గ్రీటింగ్ కార్డుల కంపెనీలు దాన్ని లాక్కుపోయాయని మండిపడి, ఆవిడే ఆ వ్యాపారం మీద ఏళ్ల తరబడి పోట్లాడింది. మన తిరుపతికి మే నెలలో సొంత అమ్మ పండగే ఉంది, తాతయ్యగుంట గంగమ్మ జాతర. శ్రీవారి చెల్లెలని గంగమ్మకు కొండ మీద నుంచి సారె వస్తుంది. ఆ వారం రోజులూ మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసుకుని ఊళ్లో తిరుగుతారు. ఆ జాతరలో కట్టే మాతంగి వేషం వేసినవాళ్లలో ఎంతమంది ఇంటికి వెళ్లి తాము తిన్న గిన్నె కడుగుతారో నాకు తెలియదు గానీ, సారె అన్న మాట మాత్రం నాకిష్టం. అడగకముందే పుట్టింటి నుంచి వచ్చేది సారె. అమ్మకు ఇచ్చేది కూడా అలాగే ఉండాలి.

చీర ఇవ్వాలనుకుంటే

అమ్మకు అనగానే చేతికి తగిలే మొదటి ఆలోచన చీరే. తప్పు లేదు. కాకపోతే మన చుట్టుపక్కల దొరికే చీరలు మూడు రకాలు, మూడింటికీ తర్వాతి చాకిరీ మూడు రకాలు.

కంచి పట్టు తిరుపతికి దగ్గర. పెళ్లిళ్ల పేరుతో బస్సు వేసుకుని వెళ్లి కొనుక్కొచ్చేవాళ్లు మనలో బోలెడుమంది. ఇస్తే ఊరంతా చూస్తుంది. ఆ తర్వాత అది బీరువాలోకి పోతుంది. ఏడాదికి రెండు పెళ్లిళ్లకు బయటికి వస్తుంది, మడత మార్చకపోతే జరీ విరుగుతుంది, ఇంట్లో ఉతకడానికి లేదు. అమ్మకు అరవై దాటితే బరువు కూడా ఆలోచించాలి. పూర్తి జరీ పట్టుచీర కట్టుకుని మే నెల ఎండలో కల్యాణ మండపంలో కూర్చోవడం శిక్షలాగే ఉంటుంది.

వెంకటగిరి నూలు చీర దీనికి పూర్తిగా ఎదురు. సన్న నూలు, అంచున జరీ, ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. మన ఎండలకు ఇంతకన్నా మంచి బట్ట లేదు. ఒక్కటే చిక్కు, గంజి. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తేనే దాని అందం, ఆ పని అమ్మదే అవుతుంది. అందుకే వెంకటగిరి చీర ఇచ్చేవాళ్లు వీధి చివర ఇస్త్రీ బండి అతనితో కూడా మాట్లాడుకోవాలి. గంజి, ఇస్త్రీ కలిపి నెల లెక్కన మాట్లాడి, ఆ డబ్బు మీరే ఇవ్వండి. నేను చెబుతున్నది చిన్న విషయమే. మా అమ్మ మాత్రం చీర కంటే దాన్నే ఎక్కువ మందికి చెప్పుకుంది.

మూడోది శ్రీకాళహస్తి కలంకారీ. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. కాళహస్తి పనిలో గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం, ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరబెట్టి నల్లరంగు చేస్తారు, దాన్నే కసిమి అంటారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టిన కలంతో చేత్తో గీస్తారు. ఎరుపు రావాలంటే పటిక పూసి ఉడకబెట్టాలి. ఒక చీర పూర్తి కావడానికి వారాలు పడుతుంది. పెడన, మచిలీపట్నం వైపు కలంకారీ వేరు, అది చెక్క అచ్చులతో వేసేది. అదీ మంచి పనే, దాని ధర దానికుంది. ఈ రెండూ కాకుండా, మిల్లులో స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ పేరుతో అమ్మేవి బజారు నిండా ఉన్నాయి. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఒకే నెమలి చీరంతా వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది చెయ్యి కాదు. చేతిపనిలో గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. ఒక నెమలి కన్ను కొంచెం పెద్దగా, పక్కదానిది చిన్నగా ఉంటుంది. వాసన చూడండి, పాలు, కరక్కాయ వాసన కొత్త బట్టలో ఇంకా ఉంటుంది. చేతి కలంకారీని విడిగా చన్నీళ్లలో జాడించి నీడన ఆరేయాలి. మనసుపడి కట్టుకునే అమ్మలకే ఇది. రోజూ కట్టే చీర కావాలంటే వెంకటగిరే నయం.

రంగు గురించి ఒక మాట చెప్పాలి. మా నాన్న పోయిన రెండేళ్లకు నేను, చెల్లెలు కలిసి అమ్మను చీరల కొట్టుకు తీసుకువెళ్లాం. కొట్టు అబ్బాయి అమ్మ నుదురు చూశాడు, మమ్మల్ని చూశాడు. ఏమీ అడగకుండానే బూడిద రంగు, గోధుమ రంగు చీరలు దించడం మొదలుపెట్టాడు. అతని తప్పు కాదు, రోజూ చూసేదే చేశాడు. మేమూ నోరెత్తలేదు. అమ్మ ఆ గుట్టను చేత్తో పక్కకు జరిపి, అద్దాల బీరువాలో వేలాడుతున్న మామిడి చిగురు రంగు చీర చూపించి "అది తియ్యి నాయనా, చూద్దాం" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా మేం కొనిచ్చిన నాలుగు చీరలూ బూడిద రంగువే. కాబట్టి భర్త లేని అమ్మకు రంగు మీరు ఊహించి కొనొద్దు. కొట్టుకు తీసుకువెళ్లి, కొట్టు అబ్బాయి కంటే ముందు మీరే చెప్పండి, అన్ని రంగులూ దించమని.

ఏ చీరైనా కుచ్చులు, ఫాల్, జాకెట్టు అన్నీ పూర్తయ్యాకే చేతికివ్వండి. బీరువాలోంచి ఆది జాకెట్టు ఒకటి దొంగిలించడం కష్టమేమీ కాదు. ఫాల్ వేయని చీర ఇస్తే మీరు అమ్మకు టైలర్ చుట్టూ మూడు తిరుగుళ్లు బహుమతిగా ఇచ్చినట్టు.

దుడ్లు ఇవ్వాలనుకుంటే

"నీ ఇష్టం వచ్చింది కొనుక్కో మా" అని డబ్బు చేతిలో పెట్టడం చాలామందికి ప్రేమ లేనట్టు అనిపిస్తుంది. నా లెక్క వేరు. జీవితమంతా ఒకరిని అడిగి డబ్బు తీసుకున్న మనిషికి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని దుడ్లు చీర కంటే పెద్ద మర్యాద. అయితే అందులో పద్ధతి ఉంది.

పండగకు ఒకసారి పదివేలు ఇచ్చేకంటే నెలనెలా ఒకే తేదీకి, అడక్కుండా, వెయ్యో రెండు వేలో అమ్మ ఖాతాలో పడటం మేలు. పదివేలు ఇస్తే మనవరాలి పేరు మీద చీటీ కడుతుంది, లేదా మీ బిడ్డకే కమ్మలు చేయిస్తుంది. నెలనెలా వచ్చే చిన్న మొత్తం మాత్రం ఆమె సొంత ఖర్చవుతుంది. పూలమ్మికి, పాలవాడికి, కాణిపాకం వెళ్లే పక్కింటి వాళ్లతో పాటు బస్సెక్కడానికి. "ఏం చేశావు మా ఆ దుడ్లు?" అన్న ప్రశ్న ఒక్కసారి అడిగారంటే ఇచ్చిందంతా వృథా. అడక్కండి.

ఫోన్‌లో యూపీఐ పెట్టిస్తే తిరగడం తప్పుతుంది. కానీ ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఒక్కసారి చెప్పి వదిలేస్తే చాలదు. పెద్ద మొత్తం ఉన్న ఖాతా ఒకటి, ఫోన్‌కు కలిపిన చిన్న ఖాతా ఒకటి విడివిడిగా ఉంచండి. పోయినా రెండు వేలే పోతుంది, అమ్మకు టెన్షన్ ఉండదు.

కొండకా, తిరుచానూరుకా?

తిరుపతి చుట్టుపక్కల వాళ్లకు అమ్మను సంతోషపెట్టడమంటే దర్శనమే. ఇంత దగ్గర్లో ఉండి ఏళ్ల తరబడి కొండెక్కని అమ్మలు చాలామంది ఉన్నారు. ఎవరైనా దూరపు చుట్టాలు వస్తేనే వాళ్లతో పాటు వెళ్లేది.

ఈ విషయంలో నా చేత ఒక పిచ్చిపని జరిగింది. మే సెలవుల్లో, ముందు ఏమీ చూసుకోకుండా, "పోదాం పద మా" అని అమ్మను తీసుకుని ఉచిత దర్శనం క్యూలో చేరాను. కంపార్టుమెంట్‌లో పూట గడిచిపోయింది. అమ్మ నీళ్లు తాగడం మానేసింది. ఎందుకని అడిగితే, నీళ్లు తాగితే మాటిమాటికీ లేవాలి కదా అంది. స్వామి ముందు నిలబడింది మాత్రం రెండు క్షణాలు. బయటికొచ్చాక "బాగా కనపడినాడు సామి" అంది గానీ రెండు రోజులు కాళ్ల వాపు దిగలేదు. తప్పు పూర్తిగా నాదే.

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ ఆన్‌లైన్‌లో సుమారు మూడు నెలల ముందే విడుదల చేస్తుంది. అంటే అమ్మకు దర్శనం ఇవ్వాలంటే మీరు చేయాల్సిన పని, టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవడం. ఆమె చేయాల్సింది తలస్నానం చేసి బయలుదేరడం. 65 ఏళ్లు నిండినవాళ్లకు వేరే కోటా ఉంది, అదీ ముందుగా బుక్ చేసుకునేదే. తోడు ఎవర్ని రానిస్తారో బుక్ చేసేటప్పుడే చదువుకోండి, లేదంటే గేటు దగ్గర అమ్మ లోపల, మీరు బయట. ఇక తిరుపతిలో ఇచ్చే టోకెన్లతో వెళ్లే సర్వదర్శనం, సెలవులు లేని వారం మధ్య రోజుల్లో అయితే పర్వాలేదు.

"నడిచి వస్తానని మొక్కుకున్నా" అని అమ్మ అంటే ఏం చేయాలి? అలిపిరి దారిలో 3550 మెట్లు, చివర్లో మోకాళ్ల పర్వతం. శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. తక్కువ కదా అని శ్రీవారి మెట్టు ఎంచుకుంటారు చాలామంది. కానీ అది నిట్టనిలువుగా ఎక్కేది. మోకాళ్లు అరిగిన అమ్మకు అలిపిరి దారే కొంచెం దయ చూపుతుంది, మధ్యలో చదునుగా నడిచే చోట్లు, కూర్చునే చోట్లు ఎక్కువ. రెండూ వద్దనిపిస్తే ఒక ఉపాయం. మొదటి మెట్టుకు పసుపు, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, "మిగతావి నా కొడుకు ఎక్కుతాడు సామీ" అని అమ్మ చేత చెప్పించి, ఆమెను బస్సెక్కించి మీరు నడవండి. మా అమ్మ ఒప్పుకుంది. నాకే మూడు రోజులు పిక్కలు పట్టేశాయి.

కానీ నన్నడిగితే, వయసు మీరిన అమ్మకు తిరుచానూరు మంచిది. తిరుపతి నుంచి ఐదు కిలోమీటర్లే. దర్శనమయ్యాక పద్మసరోవరం గట్టున గంటసేపు కూర్చోవచ్చు, ఎవరూ "జరగండి జరగండి" అనరు. కార్తీకంలో పంచమి తీర్థం రోజు తప్ప. ఆ రోజు ఇసుక వేస్తే రాలదు, అమ్మను తీసుకెళ్లొద్దు. మా అమ్మకైతే నారాయణవనం కల్యాణ వెంకటేశ్వరస్వామి గుడి ఇంకా ఇష్టం. స్వామికి, పద్మావతికి పెళ్లి జరిగింది అక్కడేనని కదా చెబుతారు. పుత్తూరు నుంచి ఆటోలో పోయిరావచ్చు, పూజారి ఆమెను పలకరిస్తాడు కూడా. ఆ పలకరింపు కొండ మీద దొరకదు.

యంత్రం కొనాలా, మనమే చెయ్యాలా?

గ్రైండర్ కథ చెప్పాను. వాషింగ్ మెషీన్ మాత్రం నా లెక్కలో పాస్ అయింది, ఎందుకంటే అది వచ్చాక పక్కింటి బట్టలు ఎవరూ తేలేదు. ఫ్రిజ్ పెద్దది కొనడం ఫెయిల్. మిగిలిన కూరలు దాచుకుని మూడు రోజులు తినడం మొదలవుతుంది.

గిఫ్టుల షాపులో దొరకనివి కొన్ని ఉన్నాయి. నిండు గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్, ఇనుము బరువు కలిపితే దాదాపు 30 కిలోలు. దాన్ని వరండా నుంచి వంటింటికి దొర్లించుకుంటూ వెళ్లే అమ్మను ఎప్పుడైనా చూశారా? చక్రాల స్టాండ్ ఒకటి చాలు, ధరా పెద్దది కాదు. స్నానాల గదిలో గోడకు ఒక స్టీల్ కడ్డీ, కాలు జారని చాప. పై అరలో ఉన్న డబ్బాలన్నీ నడుము ఎత్తుకు దించడం. మంచం పక్కన స్విచ్. రాత్రి లేచినప్పుడు వెలిగే చిన్న లైటు. ఇవన్నీ ఒక ఆదివారం పని. మన వైపు ఎముక విరిగితే "పుత్తూరు కట్టు ఉండాది కదా" అని ధైర్యంగా ఉంటాం, కట్టు కట్టించుకోవడానికి అందరూ మా ఊరి వైపే వస్తారు. కానీ తుంటి విరిగిన పెద్దామెకు కట్టు కంటే ముందు ఆ కడ్డీ అవసరం.

హోటలా, మన చేతి వంటా?

అమ్మను హోటల్‌కు తీసుకెళితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. మెనూ కార్డులో కుడివైపు మాత్రమే చదువుతుంది. "ఈ దుడ్లకు ఇంట్లో నలబై దోశలు పోస్తా" అంటుంది. సగం తిని మిగతాది కట్టించమంటుంది. సరదాగా ఒకసారి బాగుంటుంది, అంతే.

పోయిన సంక్రాంతికి ముందు ఒక మధ్యాహ్నం నేను సంగటి చేస్తానన్నాను. అమ్మ నవ్వింది. ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టాను. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో మధ్యలో బొక్క చేసి మూతపెట్టాను. ఇంతవరకు బాగానే ఉంది. సన్న సెగ మీద పదినిమిషాలు ఆగాక కెలకడం మొదలుపెట్టాను. కెలికేటప్పుడు గిన్నె కదలకుండా రెండు పాదాలతో నొక్కిపట్టి, రెండు చేతులా కట్టెతో తిప్పాలి. ఒకవైపు ముద్ద కడుతోంది, ఇంకోవైపు పొడి పిండి కనపడుతోంది. అమ్మ కుడిచెయ్యి ఒళ్లోనే గాల్లో తిరుగుతోంది, నాకంటే ముందు. "అట్ల కాదు, అంచు నుంచి లోపలికి... అంచు నుంచి" అంటోంది. లేవబోయింది, "కూర్చో మా" అన్నాను. చివరికి రెండు ఉండలు కుదిరాయి, మూడోదాంట్లో పిండి గడ్డ. ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, మా ఆవిడ చేసింది, ఆకుకూర పప్పు కూడా. అమ్మ గడ్డ ఉన్న ముద్దే తన పళ్లెంలో వేసుకుంది. తినేసి, "వేళ్లు కాలినాయా?" అని నా చెయ్యి తిప్పి చూసింది.

ఖర్చు కిలో రాగిపిండి. ఒక షరతు ఉంది, తోమాల్సిన గిన్నెలు కూడా మీరే తోమాలి. సంగటి గిన్నె అడుగు గీకడం వండటం కంటే కష్టమని ఆ రోజే తెలిసింది. అది వదిలేసి లేచిపోయేటట్టయితే హోటల్‌కే తీసుకెళ్లండి.

మామిడికాయల రోజుల్లో ఇంకోటి చేయవచ్చు. అమ్మ ఊరగాయ పెడుతున్నప్పుడు పక్కన కూర్చుని ఫోన్‌లో మాట రికార్డు చేయండి. ఆమె కొలతలు పడి, సోల, "అంత" లాంటివి. "అంత అంటే ఎంత మా?" అని అడిగితే చెయ్యి చూపిస్తుంది, ఆ చెయ్యి కూడా వీడియో తీసుకోండి. వండమని అడుగుతున్నట్టు కాకుండా, నేర్చుకోవడానికి వచ్చినట్టు కూర్చోవాలి. జాడీ ఎత్తి అటక మీద పెట్టే పని మీది.

హెల్త్ చెకప్ గురించి

ఆఫర్‌లో ఫుల్ బాడీ చెకప్ కొని రసీదు అమ్మకు వాట్సాప్ చేయడం ఈమధ్య ఫ్యాషన్. అరవై రకాల పరీక్షల కాగితం చూసి ఆమె భయపడటం తప్ప దాంతో జరిగేది తక్కువ. దానికంటే ఆమె ఏం దాస్తోందో గమనించి, ఆ ఒక్కదానికి వెంట తీసుకెళ్లడం మంచిది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పాపను పిలుస్తోందంటే కళ్లు చూపించాలి, శుక్లం కావచ్చు. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగుతోందంటే మోకాళ్లు. ఎప్పుడూ అలసటగా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్. షుగర్ ఉన్న అమ్మలు పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి డాక్టర్‌ను మెప్పిస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ముందు ఆ పప్పులు ఉడకవు.

తిరుపతిలో ఎముకలకు బర్డ్, పెద్ద జబ్బులకు స్విమ్స్, కళ్లకు అరవింద్ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. 70 దాటిన వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది. అమ్మకు ఆ వయసుంటే ఈ కార్డు చేయించడం ఏ గిఫ్ట్‌కూ తీసిపోదు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం సరిగ్గా ఉందో ముందు చూడండి. మన అమ్మల్లో సగంమంది కాగితం మీద అసలు వయసు కంటే చిన్నవాళ్లు.

ఫైలు మీరు పట్టుకోండి. డాక్టర్ గదిలోకి మీరూ వెళ్లండి, కానీ డాక్టర్ అడిగితే జవాబు అమ్మను చెప్పనివ్వండి.

దూరంలో ఉన్నవాళ్లకు

మా చెల్లెలు బెంగళూరులో ఉంటుంది. ఆదివారం గంటసేపు వీడియో కాల్ చేసేది. అమ్మ ఆ గంటలో సగం ఫ్యాన్‌ను చూపించేది, మిగతా సగం "వినపడతా ఉండానా?" అని అడిగేది. ఇప్పుడు రోజూ రాత్రి సీరియల్ అయిపోయే వేళకు ఐదు నిమిషాలు మామూలు కాల్ చేస్తోంది. అమ్మ ఆ వేళకు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. గంట కంటే ఐదు నిమిషాలే గెలిచింది. "తిన్నావా?" కాకుండా, నిన్న చెప్పిన దాని గురించి అడిగితే ఇంకా బాగా గెలుస్తుంది. ఎదురింటి ఆవు ఈనిందా, చీటీ ఎవరు పాడుకున్నారు, అలాంటివి.

స్టేటస్‌లో ఫొటో పెట్టడం అమ్మ కోసం చేసేది కాదు, ఆమెకు స్టేటస్ ఎక్కడ ఉంటుందో కూడా తెలియదు. కేకు సంగతి చెప్పడానికేం లేదు, షుగర్ లేకపోతే పిల్లలతో పాటు ఒక ముక్క తింటుంది. బంగారం మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది, కాకపోతే అది మళ్లీ మీ ఇంటికే తిరిగొస్తుంది.

అమ్మ తనంతట తాను వెళ్లిరావడానికి దారి చూపించడం దూరం నుంచి చేయగలిగిన ఇంకో పని. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. ఆ ఆధార్‌కు ప్లాస్టిక్ కార్డు చేయించి, మెడలో వేసుకునే చిన్న పర్సు కొనిచ్చింది చెల్లెలు. అంతే, అమ్మ మాకు చెప్పకుండానే కాళహస్తి వెళ్లొచ్చింది. ఫోన్ చేస్తే "మీరు తీరిక చేసుకుని వచ్చేదాకా వాయులింగం ఆగతాడా?" అంది. మాకు కొంచెం సిగ్గేసింది, చాలా సంతోషం వేసింది.

ఈసారి మే రెండో ఆదివారానికి మేం ఇద్దరం పల్లెకు పోతున్నాం. శనివారం రాత్రికి చేరతాం. ఆదివారం స్నానాల గదిలో కడ్డీ బిగించే పని నాది, పై అర దించే పని చెల్లెలిది, మధ్యాహ్నం సంగటి. సోమవారం పొద్దున్నే తిరుపతికి, కళ్ల ఆసుపత్రికి. గ్రైండర్‌ను వెనక్కి తెచ్చుకుని మా ఇంట్లో పెట్టుకోవాలని కూడా అనుకున్నాం గానీ, అమ్మ ఒప్పుకుంటుందో లేదో. వస్తున్నామని మాత్రం ఆమెకు ఇంకా చెప్పలేదు. చెప్పామంటే శుక్రవారం రాత్రే ఓళిగలకు శనగపప్పు నానేస్తుంది.